సేంద్రియ కూరగాయలు: ఏవి కొనాలి, అమ్మేవాళ్లను ఏం అడగాలి?

ఇంట్లోకి వచ్చే ప్రతి సరుకూ సేంద్రియమే కావాలంటే మధ్యతరగతి జేబు తట్టుకోదు. అంత అవసరమూ లేదు. ఎక్కడ ఖర్చు పెట్టాలో తేల్చుకుంటే చాలు.

1. ముందు జాబితా రాసుకోండి. మందులు బాగా కొట్టే పంటలు మిర్చి, వంకాయ, కాలీఫ్లవర్, ద్రాక్ష, కరివేపాకు. డబ్బు ముందు వీటి మీద పెట్టండి. కరివేపాకును ఎవరూ లెక్కలోకి తీసుకోరు గానీ, అది పడని చారు ఉందా? కుండీలో ఒక మొక్క పెంచుకుంటే ఆ బెంగ తీరుతుంది. కంద, చేమదుంప, అరటికాయ లాంటివి ఎలాగూ చెక్కు తీసి వండుతాం, మామూలువి కొన్నా ఫరవాలేదు.

2. ప్యాకెట్ అయితే సేంద్రియ ధ్రువీకరణ గుర్తు చూడండి. జైవిక్ భారత్, ఇండియా ఆర్గానిక్, పీజీఎస్ గుర్తుల్లో ఏదో ఒకటి ఉండాలి. పీజీఎస్‌లో రైతులే ఒకరి పొలాన్ని ఒకరు తనిఖీ చేసుకుంటారు. అందులో ‘గ్రీన్’ అని ఉంటే ఆ పొలం ఇంకా సేంద్రియంలోకి మారుతోందని అర్థం. ‘నేచురల్’, ‘ఫార్మ్ ఫ్రెష్’ లాంటి మాటలకు విలువ ఇవ్వకండి.

3. రైతు దగ్గరే కొంటుంటే మాట్లాడండి. ఏడాదికి 12 లక్షల రూపాయల లోపు అమ్మకాలున్న చిన్న రైతు నేరుగా మీకు అమ్మితే ధ్రువీకరణ తప్పనిసరి కాదు. కాబట్టి కాగితం లేదని కొట్టిపారేయొద్దు, ఉత్త మాటనే నమ్మేయనూ వద్దు. రైతుబజార్లు 1999 నుంచి ఉన్నాయి. అక్కడ దొరికేది మన చుట్టుపక్కల పంటే, కానీ మందు కొట్టనిదని అనుకోవడానికి లేదు.

“పురుగు పడితే ఏం కొడతారన్నా?” అని అడగండి. నిజంగా ప్రకృతి సేద్యం చేసేవాళ్లు వేపాకుతో చేసే నీమాస్త్రం, పది రకాల ఆకులతో చేసే దశపర్ణి కషాయం అని ఊరుకోరు, ఎలా తయారు చేస్తారో, ఎన్నాళ్లు ఊరబెడతారో కూడా చెబుతారు. నేలకు బలమిచ్చే జీవామృతం గురించి కదిపితే 200 లీటర్ల నీళ్లకు ఆవు పేడ 10 కిలోలు, ఆవు మూత్రం 10 లీటర్లు, బెల్లం, పప్పుల పిండి చెరో 2 కిలోలు, గుప్పెడు గట్టు మట్టి అని లెక్క అప్పజెబుతారు. “అంతా ఆర్గానిక్కేనమ్మా” అని మాట దాటేస్తే పక్క కొట్టుకు వెళ్లండి. ఎండాకాలంలోనూ చిక్కుడుకాయలు, కాలీఫ్లవర్ కుప్పలుగా పెట్టుకుని “మా పొలంవే” అంటే నాకైతే అనుమానమే.

4. కడగడం మానొద్దు. ఏ కూరగాయనైనా పారే నీళ్ల కింద చేత్తో రుద్ది కడగండి. పైనున్న మట్టి, కొంత మందు పోతాయి. మొక్క లోపలికి పీల్చుకున్న మందును మాత్రం ఉప్పునీళ్లూ తీయలేవు.

5. బియ్యం, పప్పులు నెలకు సరిపడా మాత్రమే తెచ్చుకోండి. పురుగు పట్టిందంటే బియ్యాన్ని నీడలో ఆరబోసి, చెరిగి వాడుకోండి. పురుగుంది కాబట్టి సేంద్రియమేనన్న కొట్టువాడి మాట మాత్రం నమ్మకండి, మామూలు బియ్యానికీ పడుతుంది.