ఆంగ్ల పదాల అర్థచరిత్ర – 4వ పాఠం: ‘చీర్’

ఒక పదానికి నిఘంటువు ఇచ్చే అర్థాలను కాలక్రమంలో పేర్చుకోవడం గత పాఠంలో చూశాము. పదానికి ముందు నిలిచిన విశేషణాన్ని బట్టి దాని పాత అర్థాన్ని రాబట్టే పద్ధతిని, ఎదుటివారిని ఉత్సాహపరచడానికి నిత్యం వాడే ‘చీర్’ అనే మాట ఆధారంగా ఈ పాఠంలో నేర్చుకుందాము.

1611లో వెలువడిన కింగ్ జేమ్స్ బైబిలులో, యోహాను సువార్త 16వ అధ్యాయం చివర, యేసు శిష్యులతో ‘బి ఆఫ్ గుడ్ చీర్’ అంటాడు. తెలుగు బైబిలులో అది ‘ధైర్యము తెచ్చుకొనుడి’ అని ఉంటుంది. చీర్ అంటేనే ఉల్లాసమైతే దానికి ముందు ‘గుడ్’ ఎందుకు? ఇక్కడ ఆగి ఆలోచించాలి. విశేషణం అవసరమైందంటే, ఆ మాట ఒకప్పుడు మంచికీ చెడుకూ సమానంగా చెల్లేదని అనుమానించవచ్చు. ఆ అనుమానానికి షేక్‌స్పియర్ సాక్ష్యమిస్తాడు. ‘ఎ మిడ్‌సమ్మర్ నైట్స్ డ్రీమ్’ నాటకంలో ప్రేమవేదనతో కృశించిన హెలెనాను వర్ణిస్తూ ఆయన వాడిన ‘పేల్ ఆఫ్ చీర్’ అన్న మాటలకు, ముఖం పాలిపోయినదని అర్థం.

అవును, చీర్ అంటే మొదట ముఖమే. ముఖాన్ని సూచించే ‘కారా’ అనే మలికాలపు లాటిన్ పదం పాత ఫ్రెంచి మీదుగా 13వ శతాబ్దినాటికి ఇంగ్లీషులోకి చేరింది. స్పానిష్‌లో నేటికీ ముఖాన్ని ‘కారా’ అనే అంటారు. ముఖం నుంచి ముఖకవళిక, దాని నుంచి మనఃస్థితి, చివరకు మంచి మనఃస్థితి మాత్రమే అనే క్రమంలో అర్థం కదిలింది. ముఖం వికసించిందనో, చిన్నబోయిందనో మనసు సంగతి చెప్పే మనకు ఈ నడక వింతగా తోచదు. అతిథికి పెట్టే విందు అనే అర్థం కూడా మధ్యలో ఏర్పడింది కానీ, అది పక్కదారి.

ఉత్సాహపరచడం అనే క్రియార్థం మధ్యయుగాల చివరికే స్థిరపడినా, ప్రోత్సాహపు కేక అనే అర్థం 18వ శతాబ్ది తొలినాళ్లలో గాని కనిపించదు; తొలి ప్రయోగాలు నావికుల వాడుకను సూచిస్తాయి. పానీయం చేతబట్టి ‘చీర్స్’ అనడం 20వ శతాబ్దిలో వచ్చిన అలవాటు. బ్రిటన్‌లో అదే మాట కృతజ్ఞత తెలపడానికి కూడా పనికివస్తుంది.

అభ్యాసం: ‘లక్’ అనే నామవాచకం ముందు గుడ్, బ్యాడ్ రెండూ చేరుతాయి గాని, ‘లకీ’ అనగానే మంచే స్ఫురిస్తుంది. ‘టెంపర్’ ఇందుకు ఎదురుదిశలో, కోపం వైపు నడిచింది. ఈ రెండింటికీ నిఘంటువులోని పాత ప్రయోగాలను వెదికి, విశేషణంతో ఉన్నవాటిని ఒకవైపు, విశేషణం లేనివాటిని మరొకవైపు రాసి ఉంచుకోండి. వచ్చే పాఠం ఆ పట్టికతోనే మొదలవుతుంది.