ఆర్‌పీఏ బాట్లకు సర్వర్లు ఎన్ని కావాలి? ఎలా లెక్కేసుకోవాలి?

ఆర్‌పీఏ (మనుషులు కంప్యూటర్‌లో పదేపదే చేసే పనులను బాట్ అనే సాఫ్ట్‌వేర్‌తో చేయించడం) పెడదామని అనుకోగానే ఆఫీసులో మొదట వచ్చే ప్రశ్న "ఎన్ని సర్వర్లు కొనాలి?" అని. నేనైతే ముందు "పని ఎన్నింటికల్లా అయిపోవాలి?" అని అడుగుతాను. ఆ గడువు తెలిస్తే బాట్లు ఎన్నో తేలతాయి. బాట్లు తేలితే సర్వర్ల లెక్క కష్టం కాదు.

1. పనిని నిమిషాల్లో కొలవండి

రోజుకి 3,000 బిల్లులు, ఒక్కోదానికి బాట్‌కి 4 నిమిషాలు పడుతుంది అనుకుందాం. మొత్తం 12,000 నిమిషాలు, అంటే 200 గంటలు. బాట్‌ని రోజుకి 20 గంటలు నడిపినా లాగిన్లు, రీట్రైలు (విఫలమైన పనిని మళ్లీ చేయడం) పోను 80 శాతం, అంటే 16 గంటల పనే చేతికొస్తుంది. 200ని 16తో భాగిస్తే 12.5, కాబట్టి 13 బాట్లు. అవే బిల్లులు ఉదయం 9 నుంచి సాయంత్రం 5 లోపు అయిపోవాలంటే? 8 గంటల్లో 80 శాతం 6.4 గంటలు. 32 బాట్లు కావాలి! అందుకే అకౌంట్స్ వాళ్లతో కూర్చుని, రాత్రిపూట చేసినా ఫర్వాలేని పని ఏదో ముందే తేల్చుకోండి.

సగటు రోజు లెక్క చూసి మోసపోకండి. జీఎస్టీ పని ఉంటే, నెలనెలా ఫైల్ చేసేవాళ్లకు జీఎస్టీఆర్-1 (అమ్మకాల రిటర్న్) గడువు 11వ తేదీ, జీఎస్టీఆర్-3బీ (పన్ను కట్టే నెలసరి రిటర్న్) గడువు 20వ తేదీ. వాటికి ముందు రెండు రోజుల్లో ఎంత పని పడుతుందో అదే మీ లెక్కకి ఆధారం.

2. బాట్లను ఎక్కడ నడపాలో చూడండి

అటెండెడ్ బాట్, అంటే ఉద్యోగి పక్కనుండి నడిపేది, ఆ ఉద్యోగి కంప్యూటర్‌లోనే నడుస్తుంది, దానికి సర్వర్ అక్కర్లేదు. మనిషి లేకుండా తనంతట తానే నడిచే అనటెండెడ్ బాట్‌కి మాత్రం మనిషికిలాగే లాగిన్ అయిన స్క్రీన్ కావాలి. విండోస్ 10, 11లో ఒకసారికి ఒక్క సెషనే (లాగిన్ అయిన స్క్రీనే) నడుస్తుంది. విండోస్ సర్వర్‌లో మామూలుగా వచ్చే రెండు రిమోట్ సెషన్లూ అడ్మిన్ పనుల కోసం ఇచ్చినవి. ఎక్కువ బాట్లు నడపాలంటే రిమోట్ డెస్క్‌టాప్ సర్వీసెస్ లైసెన్సులు కొనాలి. బడ్జెట్‌లో చాలామంది మర్చిపోయేది ఇదే.

మెమరీ ఊహించకండి. ఒక బాట్‌ని అసలు పని మీద పెట్టి, టాస్క్ మేనేజర్‌లో ఎంతవరకు వెళ్తోందో చూడండి. క్రోమ్, ఎక్సెల్ కలిపి 3 జీబీ తింటుంటే నాలుగు బాట్లకు 12, విండోస్‌కి 4, మొత్తం 16 జీబీ. 13 బాట్లకు అలాంటి సర్వర్లు నాలుగు సరిపోతాయి. ఒకటి పడిపోయినా పని ఆగకూడదంటే ఐదు పెట్టండి.

3. కంట్రోల్ సర్వర్, డేటాబేస్ విడిగా ఉంచండి

ఆర్‌పీఏ సాఫ్ట్‌వేర్లలో యూఐపాత్‌లో అయితే ఆర్కెస్ట్రేటర్, ఆటోమేషన్ ఎనీవేర్‌లో అయితే కంట్రోల్ రూమ్. పేరేదైనా బాట్లకు పనులు పంచేది ఇదే. క్లౌడ్ సేవ తీసుకుంటే ఈ భాగం వాళ్లే చూసుకుంటారు. సొంతంగా పెట్టుకుంటే దీన్ని బాట్ల మెషీన్లలో పెట్టకండి. కంట్రోల్ సర్వర్లు రెండు పెట్టి, వెనక డేటాబేస్ ఒక్కటే ఉంచినా లాభం లేదు, అది ఆగితే అన్నీ ఆగుతాయి.

లాగ్‌ల (బాట్ ఏ పని ఎప్పుడు చేసిందో రాసుకునే రికార్డుల) సంగతి ముందే చూసుకోండి. బిల్లుకి 40 లైన్లు, లైనుకి 1 కేబీ చొప్పున రోజుకి 120 ఎంబీ. ఖర్చు తగ్గుతుందని మైక్రోసాఫ్ట్ ఉచితంగా ఇచ్చే డేటాబేస్ ఎస్‌క్యూఎల్ సర్వర్ 2022 ఎక్స్‌ప్రెస్ పెడితే ఒక డేటాబేస్‌కి పరిమితి 10 జీబీయే. మూడు నెలలు తిరక్కుండానే నిండిపోతుంది. 30 రోజులు దాటిన లాగ్‌లను వేరేచోటికి తరలించే జాబ్ మొదటిరోజే పెట్టండి.

4. బాట్ల ఖాతాలు, సెట్టింగులు

నేను పనిచేసిన ఒకచోట సోమవారం పొద్దున్నే బాట్లన్నీ ఒక్కసారిగా ఆగిపోయాయి. సర్వర్లలో ఏ లోపమూ లేదు. ఖాతాలన్నీ ఒకే రోజు తెరిచారు, పాస్‌వర్డ్ గడువు 90 రోజులు, అన్నిటికీ ఒకేసారి ముగిసింది. ఆ పొద్దుటి టెన్షన్ నాకింకా గుర్తుంది. ఒక్కో బాట్‌కి విడి ఖాతా ఇచ్చి, పాస్‌వర్డ్ మార్పులను వేర్వేరు వారాల్లో పెట్టండి.

అన్ని మెషీన్లలో స్క్రీన్ రిజల్యూషన్ ఒకేలా, 1920×1080 లాగా, ఉండాలి. డెవలపర్ దగ్గర కనిపించిన బటన్ సర్వర్‌లోని చిన్న స్క్రీన్‌లో కిందికి జారిపోతే బాట్‌కి దొరకదు. షెడ్యూల్ యూటీసీలో (అంతర్జాతీయ ప్రామాణిక సమయంలో) ఉందో మన టైమ్‌లో ఉందో కూడా చూసుకోండి, తేడా ఐదున్నర గంటలు.

5. ఒక సర్వర్‌ని మీరే ఆపి చూడండి

టెస్ట్ సిస్టమ్‌లో బాట్లన్నీ పనిలో ఉండగా ఒక సర్వర్‌ని కావాలనే ఆపండి. సగంలో ఉన్న బిల్లు ఏమైంది? ఇంకో బాట్ దాన్ని మొదటినుంచి ఎత్తుకుని రెండోసారి పోస్ట్ చేసిందా (ఖాతాల్లో ఎక్కించిందా)? చేస్తే, పోస్ట్ చేసేముందు ఆ బిల్లు నంబర్ ఇప్పటికే ఉందేమో బాట్ చూసుకునేలా డెవలపర్‌తో మార్పించి, అదే పరీక్ష ఇంకోసారి పెట్టండి.