పాత పెసల మీద కొత్త పెసలు పొయ్యకండి

ఒడిశా, ఆంధ్ర సరిహద్దులో ఉన్న పర్లాకిమిడి బజారులో ఒక కిరాణా కొట్లో ముప్పై రెండేళ్ళు గుమాస్తాగా చేశాను. కొట్లో గింజ పుచ్చితే షావుకారు ముందు నా మొహమే చూసేవాడు కాబట్టి ఏ బస్తా ఎప్పుడు దిగిందో నిద్రలో లేపి అడిగినా చెప్పేవాణ్ణి. ఇంట్లో ఏ డబ్బాలో ఏముందో మాత్రం తెలీదు. పని మానేశాక మా ఆవిడ మోకాళ్ళ నొప్పుల వల్ల, కోడలు బడికి పాఠాలు చెప్పడానికి పోవడం వల్ల సామాన్ల గది నా చేతికొచ్చింది. మొదటి వారమే మూడు కేజీల పెసలు పిండిపిండిగా రాలాయి. అడుగున పాత పెసలుంటే వాటి మీదే కొత్తవి పోసేశారు. పాతవాటి పురుగు కొత్తవాటికి పాకింది. నేను కొట్లో ఎవరు చేసినా తిట్టే తప్పు అది.

కాబట్టి సర్దుకోవడం కొత్త డబ్బాలు కొనడంతో మొదలుపెట్టకండి. మంచి ఎండ ఉన్న రోజు చూసి ఉన్నవన్నీ బయటికి తీసి చాప మీద పెట్టండి. మా గదిలో ఆవాల పొట్లాలు ఐదు దొరికాయి, అందులో మూడు విప్పినవే. ఏ శివరాత్రి నాటివో తెలియని సగ్గుబియ్యం దొరికింది. ఒకే వస్తువు మూడు చోట్ల దొరికిందంటే అది కళ్ళకి కనబడని చోట ఉంటోందని అర్థం. దాన్ని ముందు వరసలోకి తెచ్చాక నాలుగు నెలలు ఆవాలు కొనలేదు.

తరువాత ప్రతి సరుక్కీ రెండు డబ్బాలు: నిల్వకి పెద్దది, వాడకానికి చిన్నది. చిన్నది పూర్తిగా ఖాళీ అయ్యాకే కడిగి, ఆరబెట్టి, పెద్దదాంట్లోంచి నింపాలి. పెద్దది ఖాళీ అయితేనే కొత్త సరుకు. మూత లోపల చిన్న చీటీ మీద పోసిన నెల రాసి పెడతాను. కొట్లో బస్తా మీద సుద్దతో రాసేవాళ్ళం, ఇది ఆ అలవాటే. మా ఆవిడకి ఇది చాదస్తంగా కనబడుతుంది. పేరుకి కాఫీ డబ్బా, లోపల మెంతులు ఉండే ఇంట్లో ముప్పై ఏళ్ళు కాపరం చేసిన మనిషి ఆవిడ.

పేర్ల సంగతి ఇక్కడే చెప్పాలి. మా కోడలిది బరంపురం, ఒడియా వాళ్ళు. మినప్పప్పుని బిరి అంటుంది, కందిపప్పుని హరడ, అటుకుల్ని చుడా, రవ్వని సుజి అంటుంది. ఒకసారి తను కళాజీరా తెమ్మంటే నేను కొరాపుట్ కళాజీరా బియ్యం రెండు కేజీలు తెచ్చాను. తనకి కావలసింది పాంచ ఫుటణ అనే పోపు దినుసుల్లోకి వేసే నల్ల గింజలు, కలోంజి అంటారే అవి. జీలకర్ర, ఆవాలు, సోంపు, మెంతులు, ఆ నల్ల గింజలు, ఈ ఐదూ కలిపితేనే వాళ్ళకి పోపు. ఆ బియ్యం పరమాన్నానికి బ్రహ్మాండంగా పనికొచ్చాయి లెండి. ఆ తరువాత ప్రతి డబ్బా మీదా రెండు లిపుల్లో రాసి అతికించాం. మనవడు అవి చూసే రెండు అక్షరమాలలూ కూడబలుక్కుంటున్నాడు.

ఇక అసలు శత్రువు చెమ్మ. మా వైపు ఆషాఢం నుంచి ఆశ్వయుజం దాకా గోడలే తడిగా ఉంటాయి. గోడకీ డబ్బాలకీ మధ్య నాలుగు వేళ్ళ సందు ఉంచండి. బియ్యం డ్రమ్ము నేల మీద కాకుండా చెక్క పీట మీద పెట్టండి. పొయ్యి పైనున్న అర దగ్గరగా ఉంటుందని అక్కడ నూనె, పొడులు పెట్టకండి. వేడికి నూనె ముక్కవాసన కొడుతుంది, అన్నం గంజి ఆవిరికి కారప్పొడి గడ్డ కడుతుంది. ఎండబెట్టిన గింజని వేడి మీదే డబ్బాలో పోసి మూత బిగించడం చాలామంది చేసే పొరపాటు. ఆ వేడికి లోపల చెమట పట్టి బూజొస్తుంది. సాయంత్రం నీడలో చేట మీద చల్లారనిచ్చి పొయ్యండి.

అన్నిటినీ ఎండలో పెట్టాలనీ కాదు. బియ్యాన్ని మండుటెండలో పోస్తే గింజ చిట్లి వండేటప్పుడు నూకవుతుంది. బియ్యాన్ని నీడలో, గాలికి ఆరబెట్టాలి. మా ఇంట్లో రోజూ అన్నానికీ, కోడలి పఖాళానికీ (నీళ్ళలో నానబెట్టిన అన్నం) ఉప్పుడు బియ్యం, పూజలకీ పిఠాలనే పిండివంటలకీ పచ్చి బియ్యం. ఉప్పుడు బియ్యం గింజ గట్టిది, పురుగు ఆలస్యంగా పడుతుంది. దంపుడు బియ్యం ఆరోగ్యమని బస్తా కొనకండి. పైనున్న తవుడులో నూనె ఉంటుంది, అది తొందరగా చెడుతుంది. నెలకి సరిపడా తెచ్చుకుంటే చాలు.

బియ్యంలో ముక్కు పురుగు గింజకి కన్నం చేసి లోపల గుడ్డు పెడుతుంది. పిల్ల లోపలే తిని పెద్దదయ్యాక బయటికొస్తుంది. అందుకే ఈ రోజు జల్లెడ పడితే శుభ్రంగా కనబడ్డ బియ్యంలో పది రోజులకి మళ్ళీ పురుగులు. మీ జల్లెడని తిట్టుకోకండి. పెసలు, కందులు, అలసందల్లో పుచ్చు పురుగు గింజ పైనే గుడ్డు పెడుతుంది. కొనేటప్పుడు గుప్పెడు తీసి వెలుగులో చూడండి, తెల్లటి చుక్కలు అంటుకుని ఉంటే అవే గుడ్లు, ఆ బస్తా వద్దు. మంచివి తెచ్చాక ఒకటి రెండు రోజులు ఎండబెట్టి, చల్లార్చి, కేజీకి ఒక చెంచా ఆముదమో వంటనూనో పట్టించి అరచేతులతో బాగా రుద్దండి. వాడేముందు కడిగితే పోతుంది. పప్పుగా విరిచినవాటికి ఈ పురుగు బెడద తక్కువ, ఎండ, బిగుతు మూత సరిపోతాయి.

వేపాకు వేస్తే నీడలో గలగలమనేదాకా ఎండబెట్టి వెయ్యండి. పచ్చిది వేస్తే పురుగు పోవడం మాట అటుంచి, బూజు మనమే తెచ్చిపెట్టుకున్నట్టు. ఇంకో మాట గట్టిగా చెబుతున్నాను. గోడౌన్లలో వేసే అల్యూమినియం ఫాస్ఫైడ్ బిళ్ళలు ఎవరో ఇచ్చారని ఇంట్లో బియ్యం డ్రమ్ములో వెయ్యకండి. చెమ్మ తగిలితే అందులోంచి ఫాస్ఫీన్ అనే విషవాయువు వస్తుంది. తలుపులేసుకుని పడుకున్న ఇంట్లో అది మనుషుల్నే చంపేస్తుంది.

రవ్వ తెచ్చిన రోజే దోరగా వేయించి పెట్టుకోండి. గోధుమపిండి, చోడిపిండి (రాగిపిండి) నెలకి మించి ఉంచకండి, చోళ్ళుగా ఉంచితే ఎన్నాళ్ళైనా ఉంటాయి. ఎండుమిరపకాయలకి తొడిమలు తియ్యకండి. ఉప్పు, చింతపండు జాడీలోనే, రేకు డబ్బాలో వద్దు. వేరుశనగ గింజ నల్లబడినా, బూజు పట్టినా ఏరుకుని తినాలని చూడకుండా పారెయ్యండి. ఉల్లిపాయలూ బంగాళాదుంపలూ ఒకే బుట్టలో పెట్టకండి.

ఎంత కొనాలన్నది అందరూ అడిగేదే. మా ఐదుగురికీ నెలకి బియ్యం ముప్పై అయిదు కేజీలు, కందిపప్పు మూడు, మినప్పప్పు రెండు, నూనె నాలుగు లీటర్లు. మీ లెక్క నన్ను అడగకండి. రెండు నెలలు గోడకి కాగితం తగిలించి, డబ్బా నింపిన ప్రతిసారీ గీత గీసుకోండి, అదే చెబుతుంది. ఏడాదికి ఒక్కసారి కొనేవి వేరే ఉన్నాయి. శివరాత్రి దాటాక కొండల మీంచి సవర గిరిజనులు సంతకి కొత్త చింతపండు దింపుతారు, పసుపు కొమ్ములు కూడా. చింతపండు ఏడాదికి పది కేజీలు తీసుకుంటాను. గింజా ఈనే తీసి, ఒక పూట ఎండలో పెట్టి, రాళ్ళుప్పు చల్లుతూ జాడీలో అదుముతాను. మిరపకాయలు పక్కనే ఆంధ్రలో ఉన్న పాతపట్నం వెళ్ళి తెస్తాను. సరిహద్దు దాటితే కారం రుచి మారుతుందని మా ఆవిడ నమ్మకం, నేను వాదించను.

తుపాను అర అని ఒకటి విడిగా పెట్టుకున్నాం. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను వచ్చినప్పుడు మా వీధికి రోజుల తరబడి కరెంటు లేదు. ఇంట్లో చోళ్ళు, గోధుమలు దండిగా ఉన్నాయి గానీ పిండి మర తిరిగితే కదా! మిక్సీ లేదు, మోటారు లేదు. మా అమ్మ ఉన్న రోజుల్లో తిరగలి ఉండేది, జాగా చాలదని నేనే అమ్మేశాను. ఆ నాలుగు రోజులు అటుకులు, బెల్లమే తిన్నాం. అప్పటి నుంచి దసరా ముందే ఆ అరలో మూడు కేజీల అటుకులు, మరమరాలు, బెల్లం, నెలకోసారి మార్చే రెండు కేజీల పిండి, వేయించిన రవ్వ, ఎండబెట్టిన బడి (ఒడియా వాళ్ళ మినప వడియాలు), పాలపొడి, అగ్గిపెట్టెలు, కొవ్వొత్తులు పెడతాను. బెల్లం కరగకుండా కాగితంలో చుట్టి బిగుతు డబ్బాలో. అగ్గిపెట్టెలకి మూత గట్టిగా ఉండే ప్లాస్టిక్ డబ్బా. ఈ అరలోంచి ఎవరూ ఏమీ తియ్యకూడదన్నది ఒప్పందం. మా మనవడు బెల్లం తీస్తాడు, ఆ లెక్క కూడా వేసుకునే పెడతాను.

మార్గశిరం వచ్చేసరికి తుపానుల భయం తగ్గుతుంది. ఆ అర ఖాళీ చేసి, మిగిలినవి వంటింటి వాడకంలోకి పంపేస్తాను. అటుకులు ఉప్మాకి, పిండి రొట్టెలకి. అప్పటికే కోడలు మార్గశిర గురువారాల్లో చేసే మాణబసా అనే లక్ష్మీపూజ కోసం ఇల్లంతా కడిగిస్తుంటుంది కాబట్టి సామాన్ల గది వార్షిక శుద్ధి కూడా అప్పుడే. అరలన్నీ తుడిచి, మూలల్లో రాలిన పిండి చీపురుపుల్లతో లాగి తీసి, ఆరనిస్తాను. పురుగు దాక్కునేది ఆ మూలల్లోనే. తరువాత కోడలు పేముతో అల్లిన మాణ (ధాన్యం కొలిచే పాత్ర) నిండా కొత్త వడ్లు పోసి పీట మీద పెడుతుంది. నెలాఖరు దాకా ఆ మాణ ఖాళీ అయిన తుపాను అరలోనే ఉంటుంది, ఆ అరలో నేను ఇంకేమీ పెట్టను.