పాత ల్యాప్‌టాప్‌లో లినక్స్ మింట్ వేసుకున్న అనుభవం

కావలిలోని మా ఇంట్లో పదేళ్లుగా వాడుతున్న ల్యాప్‌టాప్‌లో టీపీఎం 2.0 (భద్రతకు వాడే చిప్) లేదు కనుక విండోస్ 11కు అది అర్హం కాదు. విండోస్ 10కు సాధారణ మద్దతు 2025 అక్టోబరు 14న ముగిసింది. అందువల్ల విండోస్‌కు బదులుగా వాడుకోగల లినక్స్ మింట్ అనే ఆపరేటింగ్ సిస్టమ్‌లో తేలికైన రకమైన ఎక్స్‌ఎఫ్‌సీఈని ఎంచుకున్నాను.

ముందుగా నాన్నగారి పొలం పత్రాల స్కాన్లను బయటి హార్డ్‌డిస్కులోకి కాపీ చేసి, వాటిని మరో కంప్యూటర్‌లో తెరిచి చూసుకున్నాను. ఈ పనిని ఎవరూ తొందరపడి వదిలేయకూడదు. తర్వాత మింట్ ఐఎస్ఓ ఫైలును (ఇన్‌స్టాలేషన్‌కు కావలసినదంతా ఉండే ఒకే ఫైలు) దించుకుని పెన్‌డ్రైవ్‌లో రాశాను. దానితో ల్యాప్‌టాప్‌ను రెండుసార్లు బూట్ చేస్తే, రెండుసార్లూ నల్లటి తెర మీద తెల్లని గీత ఒక్కటే మిణుకుమిణుకుమంటూ ఆగిపోయింది. ఐఎస్ఓ ఫైలు ఎస్‌హెచ్‌ఏ256 విలువను (ఫైలు సరిగ్గా ఉందో లేదో తేల్చే, వేలిముద్ర లాంటి కోడ్) అధికారిక విలువతో పోల్చినప్పుడు మొదటి అక్షరాలే కలవలేదు. నడుమ కరెంటు పోయి డౌన్‌లోడ్ తెగిన సంగతి అప్పుడు గుర్తొచ్చింది. మళ్లీ దించుకుని, విలువ సరిపోయాక పెన్‌డ్రైవ్‌లో రాస్తే, ఇన్‌స్టాలేషన్ అరగంటలో పూర్తయింది. వైఫై పనిచేయకపోవడంతో ఫోన్‌ను యూఎస్‌బీ కేబుల్‌తో కలిపి ఇంటర్నెట్ అందించి, మింట్‌లోని డ్రైవర్ మేనేజర్ సూచించిన డ్రైవర్‌ను (పరికరాన్ని నడిపే సాఫ్ట్‌వేర్‌ను) వేశాను.