గిట్‌లో బ్రాంచ్‌లు మెర్జ్ చేయడం ఎలా? బిల్లు మైనస్‌లోకి పోకుండా

చిత్తూరు దగ్గర ఓ మామిడి గుజ్జు ఫ్యాక్టరీకి నలుగురు కలిసి బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ రాస్తున్నారనుకుందాం. కాటా స్లిప్పు ఒకరిది, రేట్లు ఇంకొకరివి, తరుగు లెక్క మరొకరిది, రైతు బిల్లు నాలుగో వారిది. కోడ్ మార్పుల చరిత్రను దాచిపెట్టే సాధనం గిట్. అందులో ఎవరి బ్రాంచ్ (కోడ్‌లో విడి పాయ) వారిదే. తోతాపురి లోడ్లు మొదలయ్యేలోగా అన్నీ మెయిన్ అనే ఉమ్మడి బ్రాంచ్‌లో కలవాలి. ఆ కలపడమే మెర్జ్.

ఇక్కడ కమాండ్లు తెలుగు లిపిలో ఉన్నాయి. టెర్మినల్‌లో ఎప్పటిలాగే ఇంగ్లిష్ అక్షరాల్లో కొట్టండి.

మెర్జ్‌కు ముందు

గిట్ స్టేటస్ కొట్టి చూడండి. కమిట్ కాని (గిట్ చరిత్రలో నమోదు కాని) మార్పులుంటే కమిట్ చేయండి, లేదా స్టాష్‌లో (తాత్కాలికంగా పక్కన) పెట్టండి. సగం పని చేతిలో ఉండగా మెర్జ్ మొదలుపెడితే, మధ్యలో వద్దనుకుని గిట్ మెర్జ్ --అబార్ట్ కొట్టినా ఆ సగం పని యథాతథంగా తిరిగి వస్తుందన్న హామీ లేదు.

తర్వాత ఒక్కసారి చేస్తే చాలిన సెట్టింగ్ ఒకటుంది: గిట్ కాన్ఫిగ్ --గ్లోబల్ మెర్జ్.కాన్‌ఫ్లిక్ట్‌స్టైల్ జెడ్‌డిఫ్3. ఇది గిట్ 2.35 నుంచి ఉంది. అంతకన్నా పాతదైతే డిఫ్3 అని పెట్టుకోండి. ఎందుకో కాసేపట్లో తెలుస్తుంది.

మెయిన్‌ను ముందు మీ బ్రాంచ్‌లోకి తెచ్చుకోండి

గిట్ ఫెచ్ ఆరిజిన్ కొట్టి సర్వర్‌లోని (ఆరిజిన్) కొత్త మార్పులు తెచ్చుకోండి, ఆ తర్వాత మీ బ్రాంచ్‌లోనే ఉండి గిట్ మెర్జ్ ఆరిజిన్/మెయిన్. గొడవేదైనా ఉంటే మీ బ్రాంచ్‌లోనే తేలుతుంది, మిగతా ముగ్గురి పని ఆగదు. ఇది రోజుకోసారి చేస్తే కాన్‌ఫ్లిక్ట్‌లు (ఒకే వరుసను ఇద్దరు రెండు రకాలుగా మార్చిన గొడవలు) చిన్నవిగా వస్తాయి. మూడు వారాలు ఊరుకుని ఒకేసారి కలిపితే ఆ రోజంతా దానికే సరి.

కాన్‌ఫ్లిక్ట్ వచ్చింది. ఇప్పుడు?

రేట్ల ఫైలు తెరిస్తే ఎడమకు తిరిగిన ఏడు బాణం గుర్తుల కింద మీ వరుస: రేటు = 13. ఏడు నిలువు గీతల కింద: రేటు = 12. ఏడు సమానం గుర్తుల కింద మెయిన్‌లోది: రేటు = 12000. దాని కింద కుడికి తిరిగిన ఏడు బాణాలు.

మధ్యలోని 12 ఇద్దరూ మార్పు మొదలుపెట్టినప్పుడు ఉన్న విలువ. పైన చెప్పిన సెట్టింగ్ లేకపోతే అది కనిపించదు. 13, 12000 మాత్రమే చూసి చాలామంది ఏదో ఒకటి ఉంచి రెండోది కొట్టేస్తారు. మధ్య వరుస చూస్తే కథ తెలుస్తుంది: మీరు కిలోకు రూపాయి పెంచారు, మెయిన్‌లో ఇంకెవరో లెక్కను కిలోల నుంచి టన్నులకు మార్చారు. రెండు మార్పులూ కావలసినవే. కాబట్టి రాయాల్సింది 13000. అది రెండు వైపులా లేని అంకె!

గుర్తులన్నీ తీసేశాక గిట్ డిఫ్ --చెక్ కొట్టండి, ఎక్కడైనా గుర్తు మిగిలిపోతే చూపిస్తుంది. ఆ తర్వాతే గిట్ యాడ్, గిట్ కమిట్. ప్యాకేజీల లాక్ ఫైల్లో (ఏ ప్యాకేజీ ఏ వెర్షనో టూల్ తానే రాసుకునే ఫైలు) కాన్‌ఫ్లిక్ట్ వస్తే మాత్రం చేత్తో దిద్దొద్దు. ముందు ప్యాకేజీల జాబితా ఫైలును సరిచేసి, ఇన్‌స్టాల్ కమాండ్‌తో లాక్ ఫైలును మళ్లీ తయారు చేయించండి.

కాన్‌ఫ్లిక్ట్ రాలేదంటే అంతా బాగున్నట్టు కాదు

అసలు దెబ్బ ఇక్కడే తగులుతుంది. గిట్ వరుసలను పోల్చి చూస్తుందే గాని, వాటి అర్థం దానికి తెలియదు. తరుగు బ్రాంచ్‌లో ఒకరు కొత్త ఫైలు పెట్టి, లోడు బరువులోంచి 50 తీసేయమని రాశారు. వారి లెక్కలో అది 50 కిలోలు. మెయిన్‌లో బరువు ఫంక్షన్ ఇప్పుడు టన్నుల్లో ఇస్తోంది. ఫైళ్లు వేరు కాబట్టి మెర్జ్ చప్పుడు లేకుండా అయిపోతుంది. 8 టన్నుల లోడు వస్తే 8లోంచి 50 పోయి మైనస్ 42. టన్ను 13,000 చొప్పున రైతే ఫ్యాక్టరీకి 5,46,000 రూపాయలు బాకీ ఉన్నట్టు బిల్లు వస్తుంది.

అందుకే మెర్జ్ అయ్యాక టెస్టులన్నీ మళ్లీ నడపాలి. విడివిడిగా రెండు బ్రాంచ్‌లూ పాసయ్యాయన్నది లెక్కలోకి రాదు. ఇంకో కిటుకు: ఫంక్షన్ ఇచ్చే యూనిట్ మార్చినప్పుడు పేరు కూడా మార్చేయండి. బరువు అన్నది బరువు_టన్నుల్లో అయితే, పాత పేరుతో పిలిచిన కోడ్ తప్పుడు లెక్క ఇవ్వకుండా ఎర్రర్‌తో ఆగిపోతుంది. అలాంటి చోట్లను గిట్ గ్రెప్‌తో వెతికి పట్టుకోవచ్చు.

టెస్టులు పాసయ్యాక మెయిన్‌కు వెళ్లి గిట్ మెర్జ్ --నో-ఎఫ్‌ఎఫ్ తరుగు, ఆపైన పుష్ (సర్వర్‌కు పంపడం). నో-ఎఫ్‌ఎఫ్ పెడితే మెర్జ్ కమిట్ విడిగా నిలుస్తుంది. తర్వాత బ్రాంచ్ మొత్తాన్ని వెనక్కి తీయాల్సి వస్తే అదే పనికొస్తుంది.

తప్పు మెర్జ్ వెనక్కి తీయాలంటే

పుష్ చేయకముందైతే గిట్ రీసెట్ --హార్డ్ ఆరిగ్_హెడ్ చాలు. ఆరిగ్_హెడ్ మాత్రం పెద్ద అక్షరాల్లో కొట్టాలి. కమిట్ కాని మార్పులుంటే దీంతో అవి కూడా పోతాయి, చూసుకోండి.

పుష్ అయిపోతే రీసెట్ జోలికి పోవద్దు, మిగతావారి కాపీలతో చిక్కుముడి పడుతుంది. గిట్ రివర్ట్ -ఎమ్ 1, పక్కన ఆ మెర్జ్ కమిట్ నంబరు. ఇది ఆ మెర్జ్ తెచ్చిన మార్పులను రద్దు చేసే కొత్త కమిట్ పెడుతుంది. 1 అంటే మెయిన్ వైపు ఉంచమని. ఇక్కడ చాలామంది తికమకపడతారు: తరుగు లెక్క సరిచేసి అదే బ్రాంచ్‌ను మళ్లీ మెర్జ్ చేస్తే కొత్త కమిట్లే వస్తాయి, పాతవి రావు. అవి చరిత్రలో ఇదివరకే కలిశాయని గిట్ వాటిని వదిలేస్తుంది. ముందు ఆ రివర్ట్ కమిట్‌నే రివర్ట్ చేసి, ఆ తర్వాత సరిచేసిన బ్రాంచ్‌ను మెర్జ్ చేయండి.