మా బుజ్జికి గోళ్ల భయం ఎలా పోయిందంటే

కట్టర్ కనిపిస్తే చాలు, మా పిల్లి బుజ్జి మంచం కిందికి దూరిపోయేది. ఓసారి టవల్‌లో చుట్టి అన్నీ ఒకేసారి తీసేద్దామని చూశాను. దాని గుండె దడదడలాడటం నా అరచేతికి తెలిసింది. వెంటనే వదిలేశాను.

వారం రోజులు కట్టర్ జోలికే పోలేదు. మధ్యాహ్నం తిని కునుకు తీస్తుంటే పక్కన కూర్చుని, పాదం కింది మెత్తను మెల్లగా నొక్కేదాన్ని. గోరు బయటికి రాగానే వదిలేసి, ఉప్పు వేయకుండా ఉడికించిన చికెన్ ముక్క పెట్టేదాన్ని. తర్వాత కట్టర్ చప్పుడు అలవాటు చేశాను.

ఇప్పుడు రోజుకు రెండే. మొత్తం 18 గోళ్లు, తొమ్మిది రోజుల్లో అయిపోతాయి. వెలుతురులో గోరు లోపల గులాబీ రంగు కనిపిస్తుంది. అక్కడ రక్తనాళం ఉంటుంది కాబట్టి కొస మాత్రమే తీస్తాను. తోక విసిరితే ఆ రోజుకు ఆపేస్తాను. నిన్న మాత్రం కళ్లు కూడా తెరవలేదు, నా బంగారం.