ఆర్టీసీలో జీరో టికెట్: ఎక్కే ముందు బోర్డు చూడండి

తెలుగు రాష్ట్రాలు రెండింటిలోనూ ఆడవాళ్లకు, ట్రాన్స్‌జెండర్లకు ఆర్టీసీ ప్రయాణం ఉచితమే. తెలంగాణలో మహాలక్ష్మి పథకం 2023 డిసెంబర్ 9న మొదలైంది, ఆంధ్రప్రదేశ్‌లో స్త్రీశక్తి పథకం 2025 ఆగస్టు 15న. అయితే అన్ని బస్సుల్లోనూ కాదు. గొడవలన్నీ అక్కడే వస్తాయి.

తెలంగాణలో పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్, హైదరాబాద్‌లో సిటీ ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్ ఉచితం. మెట్రో డీలక్స్, డీలక్స్, సూపర్ లగ్జరీ, రాజధాని, లహరి ఎక్కితే పూర్తి చార్జీ. ఆంధ్రాలో పల్లెవెలుగు, అల్ట్రా పల్లెవెలుగు, సిటీ ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్, ఎక్స్‌ప్రెస్ ఉచితం. ఆంధ్రాలో నాన్‌స్టాప్ సర్వీసులు, ఏసీ బస్సులు, అంతర్రాష్ట్ర బస్సులు లెక్కలోకి రావు. అందుకే ఊరి పేరు చదివి ఆగిపోకుండా, అద్దం మీద సర్వీసు రకం కూడా చదవండి. ఒకే ఊరికి ఎక్స్‌ప్రెస్, డీలక్స్ పక్కపక్కనే నిలబడి ఉంటాయి. కదిలాక కండక్టర్ చెబితే తెలిసిందంటే టికెట్ కొనాలి, లేదా తర్వాతి స్టేజీలో దిగిపోవాలి.

తెలంగాణలో గుర్తింపు కార్డు ఒరిజినల్ ఉండాలి. ఆధార్, ఓటరు కార్డు లాంటివి సరిపోతాయి. ఫోన్‌లో ఫొటో, జిరాక్స్ చూపిస్తే తెలంగాణ కండక్టర్లు ఒప్పుకోరు, ఒప్పుకోనక్కర్లేదు కూడా. పాన్ కార్డు మీద చిరునామా ఉండదు కాబట్టి అదీ చెల్లదు. కండక్టర్ చూసేది రెండే: ఫొటోలో ఉన్నది మీరేనా, చిరునామా ఆ రాష్ట్రానిదేనా. చిన్నప్పుడు తీసిన ఆధార్‌లో ముఖం పోల్చుకోలేకపోతే, లేదా రాష్ట్రం పేరు పాతదే ఉంటే, ముందే అప్‌డేట్ చేయించుకోండి.

ఉచితమే కదా అని టికెట్ తీసుకోకుండా కూర్చోవద్దు. దిగే స్టేజీ చెప్పి జీరో టికెట్ (చార్జీ సున్నా అని ఉండే టికెట్) అడిగి తీసుకోండి, దిగేదాకా చేతిలో ఉంచుకోండి. ఆ టికెట్ల లెక్క ప్రకారమే ప్రభుత్వం ఆర్టీసీకి డబ్బు కడుతుంది. మీరు తీసుకోకపోతే ఆ ప్రయాణం సంస్థ లెక్కలో లేనట్టే. పైగా తనిఖీ సిబ్బంది ఎక్కితే జరిమానా మీకు, చర్య కండక్టర్‌కు. స్టేజీ మార్చి ఇంకా ముందుకు వెళ్లాలనుకుంటే వెంటనే చెప్పి మరో టికెట్ తీసుకోండి.

సరిహద్దు దాటేటప్పుడు ఇంకాస్త జాగ్రత్త. తెలంగాణ ఎక్స్‌ప్రెస్‌లో విజయవాడ వెళ్లే తెలంగాణ మహిళకు సరిహద్దు వరకే ఉచితం. సరిహద్దు దాటాక మిగతా దూరానికి చార్జీ కట్టాలి, చిల్లర దగ్గర పెట్టుకోండి. ఆంధ్రా మహిళ విజయవాడలో హైదరాబాద్ బస్సెక్కితే మొదటినుంచీ చార్జీయే. సరిహద్దుకు ఇవతల, ఆంధ్రాలోనే ఉన్న జగ్గయ్యపేట దాకానే పనుంటే అక్కడివరకే నడిచే పల్లెవెలుగు ఎక్కడం మేలు.

హైదరాబాద్ నుంచి కరీంనగర్, నిజామాబాద్ వైపు జేబీఎస్ (సికింద్రాబాద్‌లోని జూబ్లీ బస్టాండు), వరంగల్ వైపు ఉప్పల్, సూర్యాపేట వైపు ఎల్బీనగర్ చాలామందికి దగ్గర. కానీ దారిలో ఎక్కితే ఎక్స్‌ప్రెస్‌లో సీటు దొరకడం కష్టం. పండగ రోజుల్లో, పసిపిల్లలతో ఉన్నప్పుడు బస్సు బయల్దేరే బస్టాండుకే వెళ్లండి.

పిల్లల సంగతి: ఐదేళ్లలోపు ఎవరికీ టికెట్ లేదు. ఆడపిల్లలకు ఆ పైన జీరో టికెట్, మగపిల్లలకు పన్నెండేళ్ల వరకు అర టికెట్. వయసు చూపించే కార్డు వెంట ఉంచుకోండి.